మెడనొప్పి పేరు చెప్పి

మన ఇళ్ళల్లో పదిమందిలో చెప్పుకునే జబ్బులు వేరు, చెప్పుకోనివి వేరు. మోకాలి నొప్పి, షుగరు, గ్యాసు గురించి పెళ్ళి పందిట్లో కూడా గంటసేపు మాట్లాడుకుంటాం. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, కారణమేమీ లేకుండానే గుండె దడదడ కొట్టుకుని, ఇక తెల్లారేదాకా కన్ను మూతపడని సంగతి మాత్రం పక్కన పడుకున్న మనిషికి కూడా చెప్పం. చెప్పినా, "నువ్వు ప్రతిదీ ఎక్కువ ఆలోచిస్తావు" అంటారు. లేదంటే "నరాల బలహీనత అయ్యుంటుంది, ఏదైనా టానిక్కు తాగు" అంటారు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్తానంటే ఇంట్లో అందరూ గొంతు తగ్గించేస్తారు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. ఎంతోమందిని మళ్ళీ మనుషుల్లో పడేసిన మానసిక ఆసుపత్రులు ఆ రెండు చోట్లా ఉన్నాయి. మనం ఆ పేర్లను వేళాకోళానికి వాడుకుంటున్నాం.

అందుకే, మనసు బాగోలేనివాళ్ళు మన దగ్గర సూదుల వైద్యం వైపు వెళ్తుంటే నాకు వింతగా అనిపించదు. ఆక్యుపంక్చర్ క్లినిక్కు మెట్లెక్కుతుంటే తెలిసినవాళ్ళు ఎదురుపడినా "మెడనొప్పండీ" అంటే సరిపోతుంది. నేనూ అదే చెప్పాను. "అంతసేపు కంప్యూటరు ముందు కూర్చుంటే పట్టెయ్యదూ మరి" అని మా అత్తగారు జాలిపడ్డారు కూడా. నా మెడ నిక్షేపంగా ఉంది.

మొదటిసారి అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళకు అక్కడ ఏం జరుగుతుందో, దాని నుంచి ఎంత ఆశించవచ్చో, నేను చూసినదీ చదివినదీ కలిపి చెబుతాను. అప్పటికే నేను సైకియాట్రిస్టు రాసిన మాత్ర వేసుకుంటున్నాను. అది మానకుండానే వెళ్ళాను. ఆ మాత్ర సంగతి మళ్ళీ వస్తుంది.

చైనా సూది మన దేశానికి వచ్చిన దారి ఆసక్తిగా ఉంటుంది. 1938లో, జపాను దాడిలో నలిగిపోతున్న చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు వైద్యుల్ని పంపింది. వాళ్ళలో ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే సేవ చేస్తూ 1942లో, 32 ఏళ్ళకే కన్నుమూశారు. ఆయన కథతో శాంతారాం తీసిన హిందీ సినిమా వల్ల ఆ పేరు మన పెద్దవాళ్ళకు తెలుసు. అదే బృందంలో వెళ్ళిన బిజయ్ కుమార్ బసు అనే బెంగాలీ వైద్యుడి పేరు అంతగా తెలియదు. ఆయన 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో రోగులకు చేయడం మొదలుపెట్టారు. మన దేశంలో ఈ వైద్యానికి బెంగాలే పుట్టిల్లు. 1996లో అక్కడి ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

మన రెండు రాష్ట్రాల్లో ప్రకృతి వైద్యం చదివినవాళ్ళు దీన్ని చేస్తుంటారు. బీఎన్‌వైఎస్ అనే అయిదున్నరేళ్ళ డిగ్రీలో ఆక్యుపంక్చర్ కూడా ఒక పాఠ్యాంశం. హైదరాబాద్ బల్కంపేటలోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో ఆ కోర్సు ఉంది. ఇలా చదివినవాళ్ళు కాక, కొద్ది నెలల్లో నేర్చుకుని బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. బోర్డు మీద 'డాక్టర్' అన్న అక్షరాలు మాత్రం ఇద్దరికీ ఒకే సైజులో ఉంటాయి. కాబట్టి ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు అని అడగండి. అడిగినందుకు చిరాకుపడే చోట చెయ్యి చాపకండి.

ఇక లోపలికి వెళ్దాం. మొదటి సిట్టింగులో సూది చాలా ఆలస్యంగా వస్తుంది. నాకు చేసిన డాక్టరమ్మ వయసులో నాకన్నా బాగా చిన్నది. "ఏం ఇబ్బందమ్మా?" అంది. మెడ అన్నాను. మెడ పట్టి రెండు వైపులా తిప్పి చూసి, "నిద్ర ఎలా పడుతుంది?" అని అడిగింది. అక్కడితో నా మెడనొప్పి అయిపోయింది. తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. ఎన్నింటికి మెలకువ వస్తుంది? లేచాక దాహమా, చెమటా? ఆకలి వేళకు వేస్తుందా? అరికాళ్ళు చల్లబడతాయా? ఏడుపు ఊరికే వస్తుందా, లేక రావలసినప్పుడు కూడా రావడం లేదా? ఈ చివరిది నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నాలుక చాపమంది. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి నాడి చూసింది. చైనా పద్ధతిలో నాలుక రంగును బట్టి, నాడి నడకను బట్టి లోపలి అవయవాల తీరు చెబుతారు. 'చి' అనే ప్రాణశక్తి ఒంట్లో కొన్ని దారుల్లో ప్రవహిస్తుందని, అది ఎక్కడో ఆగితే జబ్బు అని వాళ్ళ లెక్క. నాకు కాలేయం దగ్గర ఆగిందట. ఈ మాట నాకు అప్పుడూ నమ్మబుద్ధి కాలేదు, ఇప్పుడూ కాదు. కానీ ఆ ప్రశ్నలకే ముప్పావుగంట పట్టింది. నా నిద్ర గురించి ఒక మనిషి అంతసేపు ఆరా తీసి, నేను చెప్పినది కాయితం మీద రాసుకోవడం అదే మొదలు. మా సైకియాట్రిస్టు చాలా మంచివారు. కానీ ఆయన గది బయట కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చుంటారు. మనిషికి అయిదు నిమిషాలు దొరికితే గొప్ప.

సూదులంటే భయం ఉన్నవాళ్ళు వింటుంటే, ఇది ఇంజెక్షను సూది కాదండీ. ఇంజెక్షను సూదిలోంచి మందు పోవాలి కాబట్టి అది బోలుగా, ఆ మేరకు లావుగా ఉంటుంది. ఇది సన్నని స్టీలు తీగ, మందం సుమారు పావు మిల్లీమీటరు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చర్మానికి ఆనించి, పైనుంచి వేలితో ఒక్కటి తడతారు. దిగింది తెలిసీ తెలియనట్టు ఉంటుంది. అసలు సంగతి ఆ తర్వాత. సూదిని ఇంకాస్త దించి మెల్లగా తిప్పినప్పుడు ఆ చోట బరువుగా, తిమ్మిరిగా, లోపలికి లాగుతున్నట్టుగా అనిపిస్తుంది. సూది సరైన చోట పడిందనడానికి చైనా వైద్యులు దాన్నే గుర్తుగా తీసుకుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో పెట్టినప్పుడు నాకు మోచేతిదాకా బరువెక్కింది. కంగారుపడ్డాను. "అలాగే ఉంటుందమ్మా, చెయ్యి కదపకండి" అంది.

దిగులుకూ ఆందోళనకూ సాధారణంగా ఎంచుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. నడినెత్తి, కనుబొమల మధ్య, మణికట్టు లోపలి వైపు, మోకాలి కింద, చీలమండకు కాస్త పైన, పాదం మీద బొటనవేలి సందుకు వెనక. కనుబొమల మధ్య సూది సరిగ్గా బొట్టు చోటే పడుతుంది. బొట్టుబిళ్ళ తీసేయమంటే, ఎక్కడ పెట్టాలో తెలియక మంచం పక్క గోడకు అంటించాను. అప్పటికే ఆ గోడ మీద రకరకాల బొట్టుబిళ్ళలు బోలెడున్నాయి. ఇంతమంది ఆడవాళ్ళకు మెడలు పట్టేశాయన్నమాట అనుకున్నాను.

బొట్టు పెట్టుకోవడం, చెవులు కుట్టించుకోవడం, గుంజీళ్ళు తీయడం అన్నీ మన ప్రాచీన ఆక్యుపంక్చరేనని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి. సుశ్రుతుడు చెప్పిన సిరావ్యధ కూడా ఇదేనని రాసినవాళ్ళున్నారు. సిరావ్యధలో సిర గుచ్చి నెత్తురు తీస్తారు. ఇక్కడ పొరపాటున నెత్తురు చుక్క వస్తే దూదితో అదిమేస్తారు. ప్రతిదానికీ మన దగ్గరే మూలం వెతకడం ఒక సరదా, అంతే.

సూదులన్నీ పెట్టాక ఆమె లైటు తగ్గించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఇక అరగంట అలాగే పడుకోవాలి. ఫోను అందదు, చేతులు ఆడించకూడదు. కింద టిఫిన్ సెంటరులో గ్రైండరు తిరుగుతోంది. మొదట కొంతసేపు చాలా కష్టమైంది. గ్యాసు కట్టేశానా లేదా, కరెంటు బిల్లు గడువు ఎప్పుడు, ఈవిడ నన్ను మరిచిపోయి భోజనానికి వెళ్ళిపోతే ఏం చేయాలి, ఈ సూదులతోనే లేచి నడవగలనా... ఆందోళన ఉన్న మనిషిని కదలకుండా పడుకోమనడమే ఒక శిక్ష. ఎప్పుడో గ్రైండరు ఆగిపోయింది. ఆగిందని నాకు తెలిసింది ఆమె సూదులు తీయడానికి వచ్చాకనే. తీస్తూ ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఒంట్లో ఒక్కటీ మిగలకుండా చూసుకోవడానికి జాగ్రత్తగల క్లినిక్కుల్లో అలా లెక్కపెడతారు.

ఆ రాత్రి కూడా మూడింటికే మెలకువ వచ్చింది. ఒక్క సిట్టింగుతో ఏదో జరిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వారానికి ఒకటి చొప్పున పది, పన్నెండు సిట్టింగులు చేయించుకోమంటారు. ఊరిని బట్టి సిట్టింగుకు కొన్ని వందల రూపాయలవుతాయి. మొత్తం ఎంతవుతుందో మొదటిరోజే అడగడానికి మొహమాటపడొద్దు. అంతా ముందే కట్టేస్తే తగ్గిస్తామనే ప్యాకేజీల జోలికి మాత్రం వెళ్ళకండి.

మరి ఇది పనిచేస్తుందా? శరీరాన్ని కోసి చూస్తే ఆ 'చి' దారులేవీ కనబడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జాబితాలో 361 బిందువులున్నాయి గానీ, అది ఏ బిందువు ఎక్కడ ఉందో అందరూ ఒకేలా గుర్తించడానికి చేసిన జాబితా. శాస్త్రవేత్తలకు మొదట దొరికిన ఆధారం నొప్పి విషయంలో. 1970ల్లో టొరంటోలో బ్రూస్ పోమెరాంజ్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, సూది పెట్టినప్పుడు శరీరమే తయారుచేసుకునే ఎండార్ఫిన్ల వల్ల నొప్పి తగ్గుతోందని చూపించాడు. ఎండార్ఫిన్లను అడ్డుకునే నాలాక్సోన్ అనే మందు ఇస్తే ఆ ఉపశమనం పోయింది. అంటే సూదికి శరీరం స్పందిస్తోంది, అందులో సందేహం లేదు. కానీ ఎలుక నొప్పి వేరు, మనిషి దిగులు వేరు.

దిగులు మీద జరిగిన పరిశోధనల్లో నాకు బాగా పనికొచ్చింది 2013లో ఇంగ్లండు నుంచి వచ్చింది. డిప్రెషన్ ఉన్న 755 మందిని తీసుకుని చీటీ వేసినట్టు మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆక్యుపంక్చర్, ఇంకో జట్టుకు కౌన్సెలింగ్, వారానికొకసారి చొప్పున పన్నెండు సార్ల వరకు. మూడో జట్టుకు ఎప్పటి వైద్యమే. చాలామంది మాత్రలు వేసుకుంటూనే ఇందులో పాల్గొన్నారు. మూడు నెలల తర్వాత చూస్తే, ఎప్పటి వైద్యం ఒక్కటే అందినవాళ్ళకన్నా ఆక్యుపంక్చర్ జట్టు బాగుంది. కౌన్సెలింగ్ జట్టూ బాగుంది. ఆ రెంటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సూది పెట్టినా, కూర్చోబెట్టి మాట్లాడినా ఫలితం దాదాపు ఒక్కటే. ఇది చదివినప్పుడు నాకు ఆ ముప్పావుగంట ప్రశ్నలు గుర్తొచ్చాయి.

సూది వాటానూ, మిగతా శ్రద్ధ వాటానూ విడదీసి చూడటానికి ఉత్తుత్తి సూదుల పరీక్షలు చేస్తారు. చర్మానికి ఆనగానే పిడిలోకి ముడుచుకుపోయే సూదులున్నాయి. దిగిందనే రోగి అనుకుంటాడు. కొన్ని పరీక్షల్లో నిజం సూదినే బిందువు కాని చోట పెడతారు. 2018లో కాక్రేన్ సంస్థ డిప్రెషన్ మీద జరిగిన 64 పరీక్షల్ని, మొత్తం 7,104 మంది వివరాల్ని ఒకచోట చేర్చి చూసింది. ఏ చికిత్సా లేనివాళ్ళతో పోలిస్తే ఆక్యుపంక్చర్ కొంత మేలు చేస్తుండవచ్చు అంది. ఉత్తుత్తి సూదితో పోలిస్తే ఆ మేలు చిన్నదైపోయింది. పైగా ఈ పరీక్షల్లో చాలావాటి నాణ్యత తక్కువ అని కూడా స్పష్టంగా రాసింది.

సూది వాటా తేల్చడం ఎంత కష్టమో చెప్పే న్యూయార్క్ కథ ఒకటి ఉంది. సౌత్ బ్రాంక్స్ అనే పేదల పేటలో లింకన్ హాస్పిటల్ ఉంది. అక్కడ 1970ల్లో మత్తుమందులు మానేవాళ్ళకు చెవికి సూదులు పెట్టడం మొదలైంది. నల్లమందు అలవాటున్నవాళ్ళకు ఇది సాయపడుతోందని అంతకుముందే హాంకాంగ్‌లో వెన్ అనే శస్త్రవైద్యుడు గమనించాడు. లింకన్ పద్ధతిలో చెవికి అయిదు సూదులు. అందరూ ఒకే హాల్లో కుర్చీల్లో కూర్చుంటారు. ఎవరూ తమ కథ చెప్పుకోనక్కర్లేదు, అరగంటో ముప్పావుగంటో మౌనంగా కూర్చుంటే చాలు. నోరు విప్పి కష్టం చెప్పుకోలేని మనుషులకు ఇది ఎంత ఊరటో నేను ఊహించగలను. తర్వాత ఈ చెవి సూదుల్ని కొకైన్ అలవాటున్న 620 మంది మీద పద్ధతిగా పరీక్షించి 2002లో ఫలితం ప్రకటించారు. అసలు బిందువుల్లో సూదులు, వేరే చోట సూదులు, ప్రశాంతంగా కూర్చోబెట్టే వీడియోలు, ఈ మూడింటికీ తేడా తేలలేదు. కానీ మొత్తం మీద చూస్తే వాడకం తగ్గింది. అన్ని జట్లలోనూ తగ్గింది.

ఇదంతా చదివాక నాకు తోచింది ఇది. ఆ గదిలో మనసుకు దక్కే ఊరటలో సూది వాటా ఎంతో ఇంకా తేలలేదు. బహుశా కొంతే. మిగిలిన వాటా, ఒకరు మనల్ని ఓపిగ్గా అడగడానిది, వారం వారం ఒక వేళకు ఇల్లు వదిలి వెళ్ళడానిది, అరగంటసేపు ఎవరికీ అందకుండా పడుకోవడానిది. ముఖ్యంగా మన ఆడవాళ్ళకు పట్టపగలు అరగంట ఊరికే పడుకునే అధికారం ఇంట్లో ఎవరు ఇస్తారు? ఒంటి నిండా సూదులుంటే తప్ప! దీన్ని మోసం అనను. డబ్బుకు ఇబ్బంది లేకపోతే వెళ్ళి చూడమనే చెబుతాను. వాళ్ళ సిద్ధాంతాన్ని నమ్మనక్కర్లేదు. నేను నమ్మకుండానే వెళ్ళాను.

కొన్ని వారాలకు నా తెల్లవారుజాము గుండెదడ తగ్గింది. అది సూదుల వల్లేనని మాత్రం చెప్పలేను. నేను మాత్ర మొదలుపెట్టి అప్పటికి నెల కావస్తోంది. డిప్రెషనుకూ ఆందోళనకూ ఇచ్చే ఈ మాత్రలు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండూ ఒకే సమయంలో నడిచాయి. పైగా మనం ఏ వైద్యానికైనా పరిగెత్తేది బాధ మరీ ముదిరినప్పుడు. ముదిరింది తనంతట తనే కాస్త దిగడమూ ఉంటుంది. క్లినిక్కు వరండాలో ఒక పెద్దావిడ మాత్రం నాతో, "నాకు సూదులతోనే తగ్గిందమ్మా, మాత్రలన్నీ మానేశాను" అని గర్వంగా చెప్పారు. నాకు భయం వేసింది. ఇలాంటి మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే కళ్ళు తిరగడం, వికారం, తలలో షాకు కొట్టినట్టు జిల్లుమనడం, నిద్ర చెడిపోవడం లాంటివి రావచ్చు. అసలు జబ్బు తిరగబెట్టే ప్రమాదం వేరే ఉంది. తగ్గించాలంటే రాసిన డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి. మాత్ర మానేస్తేనే సూది పనిచేస్తుందని ఎవరైనా అంటే ఆ మంచం మీంచి లేచి వచ్చేయండి.

సూదులు పెట్టించుకుంటున్న సంగతి మా సైకియాట్రిస్టుకు చెప్పాను. కోప్పడతారేమో అనుకున్నాను. "సూదులు కొత్తవేనా? మీ ముందే ప్యాకెట్టు చింపుతున్నారా?" అని మాత్రం అడిగి, ఫైలులో రాసుకున్నారు. మీరూ అది చూసుకోండి. ఒకసారి వాడిన సూది మళ్ళీ ఎవరికీ వాడకూడదు. నెత్తురును పలచబరిచే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ముందే చెప్పాలి. గర్భిణులకు కొన్ని చోట్ల సూది పెట్టరు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు సూదులకు కరెంటు తగిలించే రకం చేయించుకోకూడదు. భుజాల మీద, ఛాతీ మీద సూది మరీ లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగలవచ్చు. అరుదే గానీ, జరిగిన సందర్భాలున్నాయి. మొదటిసారి కొందరికి కళ్ళు తిరుగుతాయి, అందుకని ఖాళీ కడుపుతో వెళ్ళకుండా ఏదైనా తేలికగా తిని వెళ్ళండి. కూర్చోబెట్టి చేస్తామంటే పడుకుంటానని చెప్పండి.

ఆక్యుపంక్చర్ కోసం ఆగకూడని వాళ్ళు కొందరున్నారు. చచ్చిపోవాలనిపిస్తున్నవాళ్ళు, ఎవరూ లేకుండానే మాటలు వినబడుతున్నవాళ్ళు, రోజుల తరబడి తిండీ నిద్రా లేకుండా తిరుగుతున్నవాళ్ళు. వీళ్ళను తిన్నగా ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైను ఉంది, 2022 అక్టోబరు 10న మొదలైంది. నెంబరు 14416. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తెల్లవారుజామున మూడింటికి చేసినా ఎత్తుతారు.